సుగ్గికి పోయిన ఓటీపీ

2024 మార్చి నెల. కర్నూలులో ఒక బట్టల షోరూము పై అంతస్తులో మా సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉండేది. బెంగళూరులో కొన్నేళ్ళు పనిచేసి, సొంతగడ్డకు దగ్గరగా ఉందామని వచ్చి అందులో చేరాను. నా పని యూజబిలిటీ డిజైన్. అంటే, ఒక యాప్‌ను వాడబోయే మనిషి ఎవరు, ఎండలో నిలబడి వాడతారా, నీడలో కూర్చుని వాడతారా, చదవగలరా, అసలు ఆ ఫోను వాళ్ళ చేతిలో ఉంటుందా అని ముందే వెళ్ళి చూసి, యాప్ దానికి తగ్గట్టు తయారయ్యేలా చూడటం. మా ఆఫీసులో మాత్రం దీన్ని రంగులు వేసే పని అనుకునేవాళ్ళు. "శైలజా, ఆ బటన్ కాస్త ఆకుపచ్చ చెయ్యి" అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ముక్కు మీద కోపమని మైదుకూరులో మా ఇంట్లో నాకు చిన్నప్పటి నుంచీ పేరు. ఈ సంగతి రాస్తున్నప్పుడు కూడా ఆ కోపం దిగలేదు, దించుకోవాలని కూడా లేదు.

ఎండాకాలం ఆలూరు వైపు ఊళ్ళకు ట్యాంకర్లతో నీళ్ళు తోలే కాంట్రాక్టు ఒక సంస్థ తీసుకుంది. కొందరు డ్రైవర్లు నీళ్ళను దారిలోనే హోటళ్ళకు అమ్ముకుని, ఊళ్ళో దించామని రాయించుకుంటున్నారని వాళ్ళ బాధ. ఆ దొంగతనం ఆగేలా ఒక యాప్ చేసిపెట్టమని మా దగ్గరకు వచ్చారు. మావాళ్ళు ఆలోచించిన పద్ధతి ఇది. వీధికొక మనిషి ఫోను నంబరు నమోదు చేస్తారు. ట్యాంకరు వీధిలోకి రాగానే డ్రైవరు తన ఫోనులో బటన్ నొక్కుతాడు. నమోదైన ఫోనుకు ఓటీపీ పోతుంది. ఆ అంకెలు డ్రైవరుకు చెప్తేనే నీళ్ళు దించినట్టు లెక్క.

కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. మొదటి మీటింగులోనే నేను ఒక్క ప్రశ్న అడిగాను. "నీళ్ళు పట్టుకునే వేళకు ఆ ఫోను ఎవరి దగ్గర ఉంటుంది?"

మా ప్రాజెక్టు మేనేజరు సుధీర్ నవ్వాడు. "ఈ రోజుల్లో ఫోను లేని ఇల్లుందా శైలజా?"

"ఇంట్లో ఉందా లేదా అని కాదు, ఎవరి చేతిలో ఉందని అడుగుతున్నా. ఒకసారి ఆ ఊళ్ళకు పోయి చూసి వద్దాం."

"నెక్స్ట్ స్ప్రింట్‌లో చూద్దాం" అన్నాడు.

ఈ స్ప్రింట్ అనే మాట గురించి కొంచెం చెప్పాలి. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ అంతా ఎజైల్ అనే పద్ధతిలో తయారవుతుంది. పనిని రెండేసి వారాల ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్క స్ప్రింట్. ప్రతి స్ప్రింట్ చివర చేసింది చూపించి, వాడేవాళ్ళు ఏమంటారో విని, తప్పుంటే వెంటనే దారి మార్చుకోవాలి. ఎజైల్ పుట్టిందే అందుకు. నా పనికి అంతకంటే అనువైన పద్ధతి లేదు. కానీ మా ఆఫీసులో దానికి మిగిలినవి రెండే: ప్రతి పొద్దునా నిలబడి మాట్లాడుకునే స్టాండప్ మీటింగు, రెండు వారాలకోసారి ఏసీ గదిలో డెమో. వాడేవాళ్ళ దగ్గరకు పోయే పని ఎప్పుడూ తర్వాతి స్ప్రింట్‌దే. చేయాల్సిన పనులను చిన్న చిన్న కాగితాల మీద రాసి గోడకు అంటిస్తాం, ఆ కుప్పను బ్యాక్‌లాగ్ అంటారు. నా ఊరి ప్రయాణం ఆ కుప్పలో అడుగున పడి ఉండేది. అంతకు ముందటి వానాకాలంలో అడిగాను, చలికాలంలో అడిగాను. ఒకరోజు స్టాండప్‌లో గట్టిగా అరిచాను కూడా. దాని ఫలితం, క్లయింటు వచ్చే మీటింగులకు నన్ను పిలవడం మానేశారు.

మార్చి మొదట్లో యాప్ మొదలైంది. నెల తిరగకముందే మా గోడ మీద పెద్ద తెర నిండా పచ్చదనం. నీళ్ళు అందలేదన్న పెండింగ్ కేసులు రోజురోజుకూ తగ్గుతున్నాయి. కాంట్రాక్టు సంస్థ పెద్దాయన స్వీట్లు పంపించాడు. అందరూ ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. నాకు ఆ స్వీటు గొంతు దిగలేదు. ఎండ ముదిరేకొద్దీ నీళ్ళ కోసం గొడవ పెరగాలి గానీ తగ్గుతుందా? మైదుకూరులో పుట్టిన ఏ పిల్లనడిగినా చెప్తుంది. అదే మాట సుధీర్‌తో అంటే, "మన యాప్ బాగా పనిచేస్తోందని ఒప్పుకోవడానికి నీకు కష్టంగా ఉంది" అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. మర్నాటికి సెలవు పెట్టాను.

మెట్లు దిగుతుంటే ఇమ్రాన్ వెనకాలే వచ్చాడు. ఆ యాప్‌లో ఎక్కువ భాగం కోడ్ రాసింది అతనే. కర్నూలు పాతబస్తీ మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, ఆఫీసులో ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు.

"అక్కా, నేను కూడా వస్తా. ఆ పచ్చరంగు సూస్తాంటే నాక్కూడా యాడో తేడా కొడతాంది" అన్నాడు.

అతని బండి మీదే పోయాం. మధ్యాహ్నానికి ఆలూరు దాటి ఒక ఊరు చేరాం. మా తెర మీద ఆ ఊరు ఆకుపచ్చగా మెరిసిపోతూ ఉంటుంది. ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలు. వాకిళ్ళకు అడ్డంగా కంపలు పెట్టి ఉన్నాయి. మేం నిలబడిన వీధిలోకి అప్పుడే ట్యాంకరు వచ్చింది. ఆడవాళ్ళు కడవలు, ప్లాస్టిక్ డ్రమ్ములు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. డ్రైవరు దస్తగిరి దిగి, పైపు ముట్టుకోకుండా ముందు ఫోను తీశాడు. బటన్ నొక్కాడు.

"ఈరమ్మా, నెంబరు సెప్పు" అన్నాడు.

నడివయసు ఆడమనిషి ముందుకొచ్చింది. ఆ వీధికి నమోదైంది ఆమె ఇంటి ఫోను. "యాడ సెప్పేది దస్తగిరప్పా? ఫోను మా ఆయప్ప కాడుండాది. ఆయప్ప సుగ్గికి పోయినాడు. నీకు ఎరక లేదా ఏం?"

సుగ్గి అంటే ఆ పడమటి ఊళ్ళవాళ్ళ వలస కూలి. ఇక్కడ పంటలు అయిపోయాక సంసారాలకు సంసారాలు ఇళ్ళకు తాళాలేసి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతాయి. మళ్ళీ ఉగాదికి గానీ రారు. ఇది ఏదో ఒక ఏడు జరిగే సంగతి కాదు, ఏటా జరిగే ఆనవాయితీ. పోయేవాళ్ళు ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ వెంట తీసుకుపోతారు. కూలి కబురు అందాలన్నా, మేస్త్రీతో మాట్లాడాలన్నా అదే కావాలి కదా. అంటే, ట్యాంకరు ఆలూరు పక్కన నిలబడి ఉంటే, దాని తాళంచెవి గుంటూరు మిరప చేలల్లో మోగుతోంది.

ఈరమ్మ పక్కింటి ముసలమ్మ ఫోను తీసుకుని మొగుడికి చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. కోతలప్పుడు ఫోన్లు గుడిసెల్లో పెట్టి చేనుకు పోతారట. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. దస్తగిరి తల గోక్కున్నాడు.

"నేనేం జేయాలమ్మా? నెంబరు కొట్టకుంటే ఇది ముందుకు పోదు. ట్రిప్పు నా లెక్కకు రాదు. పోయినసారి నెంబరు ల్యాకుండానే ఇడిసిపెడితే డీజిల్ నా నెత్తిన పన్నెది. నాక్కూడా పిల్లోల్లుండారు."

ఆడవాళ్ళు బండికి అడ్డం నిలబడ్డారు. తిట్లు మొదలయ్యాయి. ఆ తిట్లు దస్తగిరికి కాదు, మాకు తగలాలి. నేనూ ఇమ్రానూ తలలు వంచుకుని నిలబడ్డాం. ఈరమ్మ మాత్రం తిట్టలేదు. అతని దగ్గరకు పోయి మెల్లగా అంది.

"అంతా వద్దులేప్పా. నా కూతురు బాలింత. నెల బిడ్డ ఈడనే ఉండాది. ఆ పాపకు నీల్లు బొయ్యల్ల, గుడ్డలు ఉతకల్ల. రెండు కడవలు పట్టుకోనీ సాలు."

దస్తగిరి అటూ ఇటూ చూసి వాల్వు తిప్పాడు. రెండు కడవలు నిండాక మళ్ళీ బిగించాడు. ఆ తర్వాత ఫోనులో ఇంకో బటన్ నొక్కి, ఆడవాళ్ళను బతిమాలుకుని, నిండు ట్యాంకరుతో వెనక్కి తిరిగాడు.

"కంప్లెయింట్ ఇవ్వలేదా అమ్మా?" అని అడిగాను ఈరమ్మను.

"ఇయ్యకేం! ముసలమ్మ ఫోను నుంచి జేస్తే, మీ ఫోనుకు నెంబరొస్తాది, అది సెప్పండి అన్న్యారు. ఆ నెంబరూ ఆయప్పకే పోతాది. ఇంగ ఎవురికి సెప్పుకునేది?"

నీళ్ళు రాలేదని చెప్పుకోవడానికి కూడా ఓటీపీ పెట్టారు మావాళ్ళు. ఆ క్షణంలో సుధీర్ నా ఎదురుగా ఉంటే ఏం చేసి ఉండేదాన్నో నాకే తెలియదు.

ఇమ్రాన్ అరుగు మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాడు. చూస్తూ చూస్తూ ముఖం పాలిపోయింది. డ్రైవరు చివర్లో నొక్కింది 'వినియోగదారులు అందుబాటులో లేరు' అనే బటన్. అలా రెండుసార్లు నొక్కితే ఆ వీధి జాబితాలోంచి దానంతటదే తొలగిపోతుంది. అంతకు ముందు మా కంపెనీ భోజనాలు ఇళ్ళకు చేర్చే యాప్ ఒకటి చేసింది. అందులోంచి ఈ నియమాన్ని ఎత్తి ఇందులో అతికించారు. బిర్యానీ చెప్పి తలుపు తీయనివాడికి పెట్టిన శిక్షను, ఎండలో కడవ పట్టుకుని నిలబడ్డ ఆడమనిషికి వేశారు. వీధి పోతే దాని పెండింగ్ కూడా పోతుంది. గోడ మీద తెర అందుకే పచ్చబడింది. మేం స్వీట్లు తిన్నది దానికే.

"ఇప్పుడు ఈ వీధి జాబితాలో లేదక్కా. ఇది రెండోసారి" అన్నాడు ఇమ్రాన్.

ఈరమ్మ మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "మల్ల ట్యాంకరు ఎప్పుడొస్తాదమ్మా? ఇంట్లో పసిబిడ్డ ఉండాది" అంది.

అక్కడి నుంచే సుధీర్‌కు ఫోను చేశాను. జరిగింది చెప్పాను. అంతా విని, "అది ఎడ్జ్ కేస్" అన్నాడు. ఎక్కడో లక్షలో ఒకరికి వచ్చే ఇబ్బందిని మా వృత్తిలో అలా అంటారు.

"ఊళ్ళకు ఊళ్ళు తాళాలేసుకుని పోతే ఎడ్జ్ కేసా? నువ్వు ఏసీ కింద కూర్చున్నావు చూడు, నువ్వు ఎడ్జ్ కేసు."

"శైలజా, నోరు అదుపులో పెట్టుకో. ఓటీపీ పని ఎప్పుడో పూర్తయి మూసేశాం. దీని మీద ఒక టికెట్ రాసి బ్యాక్‌లాగ్‌లో పెట్టు, తర్వాతి స్ప్రింట్‌కు తీసుకుందాం. నడుస్తున్న స్ప్రింట్‌లో కొత్త పని దూర్చకూడదు, అది ఎజైల్ నియమం."

తప్పు కనిపిస్తే వెంటనే దిద్దుకోవడానికి పుట్టిన పద్ధతిని, తప్పు దిద్దకుండా ఉండటానికి అడ్డం పెట్టుకున్నాడు. రెండు వారాలట. రెండు వారాల పాటు ఒక బాలింత ఒంటి మీద నీళ్ళు లేకుండా ఉంటుందా? నెల బిడ్డ ఉంటుందా? ఆ మాటే అడిగితే ఫోను పెట్టేశాడు.

మర్నాడు పొద్దున కాంట్రాక్టు సంస్థ పెద్దాయన ఆఫీసుకు వస్తున్నాడని తెలిసింది. పిలవకపోయినా మీటింగు గదిలోకి పోయి కూర్చున్నాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో, తాడో పేడో తేల్చుకుందామనే పోయాను. సుధీర్ పచ్చటి బొమ్మలు చూపిస్తూ ఉంటే మధ్యలో లేచి, "సార్, ఈ వీధుల్లో చాలావాటికి నీళ్ళు అందడం లేదు, అందుకే పెండింగ్ తగ్గింది" అన్నాను. సుధీర్ ముఖం కందగడ్డయింది. పెద్దాయన నమ్మలేదు. నేను యాప్‌లో ఉన్న నంబరు చూసి దస్తగిరికి ఫోను కలిపి స్పీకరు ఆన్ చేశాను.

"ఏం దస్తగిరీ, నిండు బండితో వెనక్కి వస్తున్నావంట?" అని అడిగాడాయన.

"అవ్ సార్. వారంలో శానా సార్లు అట్లనే వస్తాండా. వెనక్కొచ్చి ఫిల్లింగు కాడ నిలబడితే, ఖాళీ బండికే కొత్త ట్రిప్పు ఇస్తాది యాప్. అందుకని గుట్ట కాడ పారబోసి పోతాండా. నాకే కాదు, మా బండ్లోల్లందరికీ ఇదే కత."

ఆ ఒక్క ముక్క నాకూ తెలియదు. చుక్క నీటికి మొహం వాచిన ఊళ్ళ పక్కన, ట్యాంకర్ల కొద్దీ మంచినీళ్ళు నేలపాలయ్యాయి. పారబోసింది దస్తగిరే గానీ పారబోయించింది మేం.

పెద్దాయన టేబుల్ మీద చెయ్యి గట్టిగా కొట్టాడు. "నేను మీటరు మీద కొన్న నీళ్ళయ్యా అవి! ఇవాళే సరిచేయండి" అన్నాడు. సుధీర్ వెంటనే తల ఊపాడు. ఎజైల్ నియమం గాలికి పోయింది. నాకు సంతోషం కలగలేదు సరికదా ఇంకా మండింది. ఆడవాళ్ళ దాహానికి కదలని మనుషులు, కొన్న నీళ్ళు వృథా అయ్యాయనేసరికి కదిలారు.

దిద్దడం ఎంత పని? ఇమ్రాన్‌కు ఒక పూట పట్టింది. తొలగించిన వీధులన్నీ మళ్ళీ జాబితాలోకి వచ్చాయి. ఓటీపీ తీసేశాం. దాని బదులు ట్యాంకరు ఆగే చోట గోడ మీద ఒక నంబరు రాయించాలి, డ్రైవరు దాన్ని కొట్టాలి. ఈసారి మాత్రం ముందు వీధిలో చూపించి గానీ విడుదల చేయడానికి వీల్లేదని పట్టుబట్టాను. మంచిదైంది. మర్నాడు ఈరమ్మ వాళ్ళ వీధికి పోయి ఆ నంబరు చూపించగానే ఒక ముసలమ్మ నవ్వింది. "ఒగసారి సూసుకుంటే సాలు, రేపట్నుంచి ఆలూరు హోటేలు కాడ కూకోనే కొడతాడు గదమ్మా!" అంది. దస్తగిరి కూడా నవ్వాడు. దాంతో, బండి ఆ వీధిలో నిలబడి ఉంటేనే ఆ నంబరు పనిచేసేలా ఇమ్రాన్ అక్కడే మార్చాడు. యూజబిలిటీ టెస్ట్ అంటే ఇంతే. చేసినదాన్ని వాడేవాళ్ళ చేతికిచ్చి, నోరు మూసుకుని చూడటం. దీన్నే వానాకాలం నుంచీ తర్వాతి స్ప్రింట్ అని తోసేశారు.

ఆ రోజు పైపు తెరుచుకుంది. కడవలు నిండుతున్నాయి. అందరూ ఉన్నారు గానీ ఈరమ్మ కనిపించలేదు. ఇంటికి పోయి చూశాను. వాకిట్లో ఒక్కతే కూర్చుని ఉంది. లోపల చీరతో కట్టిన ఉయ్యాల ఖాళీగా ఉంది.

"పాప ఏదమ్మా?" అన్నాను.

"పొయ్యిరి. ఎమ్మిగనూరు కాడ, వాల్ల అత్తోల్లింటికి. ఆడ కొళాయి ఉండాది." కొంగుతో ముఖం తుడుచుకుంది. "తొలికాన్పుకు నేనే పిల్సకచ్చినా. అయిదో నెలొస్తే సీర పెట్టి, బిడ్డకు కడియాలేసి సాగనంపల్లని ఉంటి. బిడ్డకు ఒల్లంతా సెమట కాయలు. గుక్కబట్టి ఏడుస్తాంటే అల్లుడొచ్చి, ఈడ నీల్లు ల్యాకుంటే యట్ల ఉంచేది అన్న్యాడు. నేనేం సెప్పాల? నిన్న పొద్దున బస్సెక్కించినా. బాలింతను నెల నిండంగనే ఎండలో పంపిస్తిని. పుట్టింట్లో నీల్లు గూడా పొయ్యల్యాకపోయిరి అని వాల్లత్త అనదా? నా బిడ్డ జల్మంతా ఆ మాట పడల్ల గదమ్మా."

నీళ్ళొచ్చాయి, పట్టుకోమ్మా అన్నాను. "వస్తాలే, పో" అంది. లేవలేదు.

తర్వాత ఉగాదికి వాళ్ళాయన వచ్చాడని, ఇప్పుడు ట్యాంకరు సరిగానే వస్తోందని దస్తగిరి ఫోనులో చెప్పాడు. కూతురు మళ్ళీ వచ్చిందా అని అడిగాను. రాలేదన్నాడు.

ఏడాది చివర్లో మా కంపెనీ ఈ ప్రాజెక్టును ఒక సభలో గొప్పగా చెప్పుకుంది. 'క్షేత్రస్థాయి సూచనలతో వేగంగా మారిన యాప్' అని సుధీరే మాట్లాడాడు. వినలేక మధ్యలో లేచి వచ్చేశాను. ఆ నెలలోనే ఆ ఉద్యోగం మానేశాను. ఇమ్రాన్ ఇంకా అక్కడే ఉన్నాడు. వాళ్ళు ఊళ్ళకు పంపకపోయినా సెలవు పెట్టి పోయి చూసి వస్తున్నాడట.

ఈ కేసు నాకు నేర్పింది ఒక్కటే. మేం వాయిదా వేసే పని మా గోడ మీద ఒక చిన్న కాగితం ముక్కలా కనిపిస్తుంది. అవతల అది ఒక ఇంట్లో జరగాల్సిన ముచ్చటను జరగనివ్వదు, మళ్ళీ దాన్ని ఎవరూ తిరిగి తెచ్చివ్వలేరు. కోడ్ రాయకముందే వాడేవాళ్ళ దగ్గరకు నన్ను పంపని చోట ఇప్పుడు నేను పనికి ఒప్పుకోను. డిజైనరుకు ఇంత కోపం పనికిరాదని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఒక్కరినైనా ఆ ఖాళీ ఉయ్యాల పక్కన, ఈరమ్మ ఎదురుగా కూర్చుని ఆ మాట అనమనండి.